ఎర్రర్ చూపిన లైన్ కాదు, ముందు రిఫరెన్సుల జాబితా చూడండి

సంపాదకులకు నమస్కారం.

ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌కు, ముఖ్యంగా మైక్రోసాఫ్ట్ ఔట్‌లుక్‌కు, యాడ్-ఇన్‌లు (అదనపు పనులు చేర్చే చిన్న ప్రోగ్రాములు) రాసేవాళ్లకు లైబ్రరీ రిఫరెన్స్ ఎర్రర్ (కోడ్ వాడుకునే సిద్ధ కోడ్, అంటే లైబ్రరీ, సరిగా దొరకలేదన్న తప్పు) వచ్చిందంటే చాలు, సాంకేతిక శీర్షికల్లోనూ శిక్షణ తరగతుల్లోనూ ఒకటే సలహా వినిపిస్తోంది: ‘ఆఫీస్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చెయ్యండి’. ఈ సలహా మానుకోవాలని చెప్పడానికే ఈ ఉత్తరం. రీఇన్‌స్టాల్‌తో కొన్నిసార్లు పని జరిగినట్టు కనిపిస్తుంది, నిజమే. కానీ సగం రోజు పోతుంది, తప్పు ఎక్కడుందో తెలియదు, అదే ఎర్రర్ ఇంకో కంప్యూటర్‌లో మళ్లీ వస్తుంది. పైగా ఈ ఎర్రర్లలో ఒక రకం పుట్టేదే ఆఫీస్ వెర్షన్లు వేయడం, తీయడం వల్ల. దాని సంగతి కింద రాస్తున్నాం.

ఔట్‌లుక్ యాడ్-ఇన్‌లలో వచ్చే ఈ ఎర్రర్లు చూడ్డానికి ఒకేలా ఉన్నా, వాటిని చెప్పేవాళ్లు వేరు. వీబీఏ (ఆఫీస్‌లో మాక్రోలు రాసే భాష) ఎడిటర్ చెప్పేది ఒకటి, సీ షార్ప్ భాష కంపైలర్ (కోడ్‌ను నడిచే రూపంలోకి మార్చేది) చెప్పేది ఒకటి, ప్రాజెక్టును బిల్డ్ చేసే ఎంఎస్‌బిల్డ్ చెప్పేది ఒకటి. ప్రోగ్రామ్ నడుస్తుండగా విండోస్ చెప్పేది మరొకటి. కాబట్టి ఎర్రర్ రాగానే ‘ఇది ఎవరు చెప్పారు’ అని అడగాలి. జవాబు దొరికితే వెతకాల్సిన చోటు సగానికి సగం తగ్గిపోతుంది.

వీబీఏతో మొదలుపెడదాం, ఎక్కువమంది అవస్థ పడేది ఇక్కడే. ఒకరి కంప్యూటర్‌లో చక్కగా నడిచిన మాక్రో ఇంకొకరి దగ్గర ‘కాంట్ ఫైండ్ ప్రాజెక్ట్ ఆర్ లైబ్రరీ’ అని ఆగిపోతుంది. ఎడిటర్ ఏ పదాన్ని నీలం రంగులో చూపిస్తుందో చూడండి: లెఫ్ట్, ట్రిమ్, ఫార్మాట్, డేట్ లాంటివి. ఇవి వీబీఏలోనే ఉన్న ఫంక్షన్లు. వాటిలో ఏ లోపమూ లేదు. జరిగిందేమిటంటే, ముందు లైబ్రరీ పేరు లేకుండా ఏ పదం కనిపించినా కంపైలర్ రిఫరెన్సుల జాబితాలోని లైబ్రరీల్లో దాన్ని వెతుకుతుంది. ఆ జాబితాలో ఒక లైబ్రరీ విరిగిపోయి ఉంటే వెతుకులాట మధ్యలో తెగిపోయి, ఆ క్షణంలో చేతిలో ఉన్న పదం మీద నింద పడుతుంది. అందుకే లెఫ్ట్ అన్నచోట ‘వీబీఏ డాట్ లెఫ్ట్’ అని మార్చగానే ఎర్రర్ మాయమై తర్వాతి ఫంక్షన్ దగ్గర తేలుతుంది. ఇలా ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోయేవాళ్లు ఉన్నారు. అది అవసరం లేని శ్రమ.

చేయాల్సింది ఇది. టూల్స్ మెనూలో రిఫరెన్సెస్ తెరవండి. ఆ మెనూ మసకబారి నొక్కడానికి వీల్లేకుండా ఉంటే కోడ్ ఇంకా ఆగిన స్థితిలో ఉందని అర్థం. ముందు రీసెట్ బటన్ నొక్కాలి. తెరిచాక టిక్ పెట్టి ఉన్నవాటిలో ‘మిస్సింగ్’ అని మొదలయ్యే వరుస కోసం చూడండి. ఆ వరుస మీద ఒకసారి నొక్కితే అది వెతుకుతున్న ఫైల్ దారి డైలాగ్ అడుగున కనిపిస్తుంది. ఆ దారిని కాగితం మీద రాసుకోండి, తర్వాత పనికొస్తుంది. ఆ లైబ్రరీ మీ కోడ్‌కు అవసరం లేకపోతే టిక్ తీసేయండి. అవసరమైతే, పాత టిక్ తీసి ఓకే కొట్టి, డైలాగ్ మళ్లీ తెరిచి, ఈ కంప్యూటర్‌లో ఉన్న వెర్షన్‌కు టిక్ పెట్టండి. తర్వాత డీబగ్ మెనూలో కంపైల్ నొక్కండి. చాలామంది ఈ ఆఖరి మెట్టు వదిలేస్తారు. వీబీఏ మామూలుగా ఒక ప్రొసీజర్ అవసరమైనప్పుడే దాన్ని కంపైల్ చేస్తుంది కాబట్టి, ప్రాజెక్టు మొత్తాన్ని కంపైల్ చేయించకపోతే మిగిలిన తప్పులు వాడేవాళ్ల ముందు బయటపడతాయి.

మిస్సింగ్ ఎందుకు వస్తుంది? ఆఫీస్ 2010 లైబ్రరీ నంబరు 14.0, 2013ది 15.0, 2016 నుంచి ఇటు వచ్చినవాటన్నిటికీ 16.0. పాత వెర్షన్‌లో తయారైన ఎక్సెల్ ఫైల్‌ను కొత్తదాంట్లో తెరిస్తే ఔట్‌లుక్ రిఫరెన్స్ తనంతట తాను కొత్త నంబరుకు మారుతుంది. దాన్ని సేవ్ చేసి పాత వెర్షన్ ఉన్న కంప్యూటర్‌కు పంపితే వెనక్కి మారదు. అక్కడ 16.0 లేదు కనుక మిస్సింగ్ అవుతుంది. ఫైల్ ఇద్దరి మధ్య అటూ ఇటూ తిరిగే కార్యాలయాల్లో ఇది పదేపదే రావడానికి ఇదే కారణం. వాడేవాళ్లలో అందరికంటే పాత వెర్షన్ ఎవరి దగ్గర ఉందో ఆ వెర్షన్‌లోనే తయారుచేసి ఇవ్వడం ఒక దారి.

ఇంకో దారి లేట్ బైండింగ్. అంటే ‘ఔట్‌లుక్ డాట్ అప్లికేషన్’ అని టైప్ ప్రకటించకుండా, ‘ఆబ్జెక్ట్’ అని ప్రకటించి క్రియేట్ ఆబ్జెక్ట్‌తో తెచ్చుకోవడం. అప్పుడు ఔట్‌లుక్ లైబ్రరీ రిఫరెన్సే అక్కర్లేదు, వెర్షన్ గొడవా ఉండదు. రాసేటప్పుడు రిఫరెన్స్ పెట్టుకుని సూచనల సౌకర్యంతో రాసుకోండి, పంపే ముందు టిక్ తీసి టైపులు మార్చండి. ఇతరులకు పంచే మాక్రోలకు మేము గట్టిగా చెప్పే పద్ధతి ఇదే. అయితే ఇందులో ఒక గోతిని ఎవరూ చూపించరు. రిఫరెన్స్ తీయగానే ఔట్‌లుక్ స్థిరాంకాల (మారని విలువల) పేర్లు కూడా పోతాయి. మాడ్యూల్ పైన ‘ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్’ లేకపోతే, ‘ఓఎల్ అపాయింట్‌మెంట్ ఐటమ్’ అన్న పేరును వీబీఏ కొత్త వేరియబుల్‌గా తీసుకుని ఖాళీ విలువ ఇస్తుంది. ఖాళీ అంటే 0. అపాయింట్‌మెంట్‌కు అసలు విలువ 1, మామూలు మెయిల్‌కు 0. కాబట్టి అపాయింట్‌మెంట్ అడిగితే ఖాళీ మెయిల్ తయారవుతుంది, తర్వాతి లైన్లో ప్రారంభ సమయం పెట్టబోతే ఈ ఆబ్జెక్ట్‌కు ఆ గుణం లేదని 438 నంబరు ఎర్రర్ వస్తుంది. తప్పేమో పైలైన్‌లో ఉంది. ‘ఆప్షన్ ఎక్స్‌ప్లిసిట్’ ఉంటే ఇదంతా కంపైల్ దగ్గరే దొరికిపోతుంది. లేట్ బైండింగ్‌కు మారేటప్పుడు వాడిన స్థిరాంకాలన్నిటినీ మాడ్యూల్ పైన విలువలతో ప్రకటించుకోవాలి: కాంటాక్ట్‌కు 2, టాస్క్‌కు 3, ఇన్‌బాక్స్ ఫోల్డర్‌కు 6, క్యాలెండర్ ఫోల్డర్‌కు 9, పంపిన మెయిల్స్ ఫోల్డర్‌కు 5, డ్రాఫ్ట్స్‌కు 16.

లేట్ బైండింగ్ అన్నిచోట్లా కుదరదు. కొత్త మెయిల్ రాగానే పనిచేయాలి లాంటి ఈవెంట్లు కావాలంటే ‘విత్ ఈవెంట్స్’ వాడాలి, దానికి కచ్చితమైన టైప్ ఉండాలి. ఆ ప్రకటన కూడా మామూలు మాడ్యూల్‌లో చెల్లదు. అక్కడ రాస్తే ‘ఓన్లీ వ్యాలిడ్ ఇన్ ఆబ్జెక్ట్ మాడ్యూల్’ అని కంపైలర్ ఆపేస్తుంది. క్లాస్ మాడ్యూల్‌లోనో, ‘దిస్ ఔట్‌లుక్ సెషన్’లోనో రాయాలి. ఇలాంటి కోడ్ సాధారణంగా ఔట్‌లుక్ లోపలే నడుస్తుంది, సొంత లైబ్రరీ రిఫరెన్స్ అక్కడ ఎప్పుడూ ఉంటుంది, భయం లేదు.

‘యూజర్ డిఫైన్డ్ టైప్ నాట్ డిఫైన్డ్’ అన్నది దీనికి చుట్టమే కానీ వేరు. అక్కడ రిఫరెన్స్ విరగలేదు, అసలు పెట్టనే లేదు. మెయిల్‌లోని విషయం మార్చడానికి ఇన్‌స్పెక్టర్ (మెయిల్ తెరిచిన విండో) నుంచి ‘వర్డ్ ఎడిటర్’ తీసుకుని ‘వర్డ్ డాట్ డాక్యుమెంట్’ అని ప్రకటించేవాళ్లకు ఇది తప్పకుండా ఎదురవుతుంది, ఎందుకంటే ఔట్‌లుక్ ప్రాజెక్టులో వర్డ్ లైబ్రరీ ముందుగా ఉండదు. రిఫరెన్స్ పెట్టాక ఇంకొకటి చూసుకోవాలి. వర్డ్, ఎక్సెల్ లైబ్రరీలు రెండూ టిక్ చేసి ఉండగా ఉత్త ‘రేంజ్’ అని రాస్తే, జాబితాలో పైనున్న లైబ్రరీలోని రేంజ్‌గా అర్థమవుతుంది. అది మీరు అనుకున్నది కాకపోతే 13 నంబరు టైప్ మిస్‌మ్యాచ్ వస్తుంది. ఎప్పుడూ ‘వర్డ్ డాట్ రేంజ్’, ‘ఎక్సెల్ డాట్ రేంజ్’ అని పూర్తి పేరు రాయడమే మేలు.

64 బిట్ ఆఫీస్ తెచ్చిన కంపైల్ ఎర్రర్లు ఇంకో తెగ. విండోస్ ఫంక్షన్లను పిలిచే డిక్లేర్ వాక్యాలకు ‘పీటీఆర్ సేఫ్’ అన్న గుర్తు లేకపోతే ఆ మాడ్యూల్ 64 బిట్‌లో కంపైల్ కాదు. ఇక్కడ కొందరు ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అన్ని డిక్లేర్‌లకూ ఆ గుర్తు తగిలిస్తారు, ఎర్రర్ పోతుంది, పని అయిపోయిందనుకుంటారు. ఆ గుర్తు ‘నేను సరిచూసుకున్నాను’ అని మీరు కంపైలర్‌కు ఇచ్చే మాట మాత్రమే, అది దేనినీ సరిచేయదు. విండో హ్యాండిళ్లు (విండోలను గుర్తించే సంఖ్యలు), పాయింటర్లు (మెమరీ చిరునామాలు) ఉన్నచోట లాంగ్‌ను ‘లాంగ్ పీటీఆర్’గా మార్చాలి. ఎందుకంటే 64 బిట్‌లో అవి 8 బైట్లు, లాంగ్ మాత్రం ఎప్పటిలాగే 4 బైట్లు. మిగతా సగం కత్తిరించుకుపోతే ఔట్‌లుక్ ఏ ఎర్రరూ చూపకుండా మూతపడవచ్చు. అలాగని ప్రతి లాంగ్‌నూ మార్చకూడదు. ఫైండ్ విండో తిరిగి ఇచ్చేది హ్యాండిల్ కాబట్టి మారుతుంది, గెట్ టిక్ కౌంట్ తిరిగి ఇచ్చేది సంఖ్య కాబట్టి మారదు. ఆఫీస్ 2007, అంతకంటే పాతవాటికీ ఇదే కోడ్ నడవాలంటే వీబీఏ7 అన్న షరతుతో రెండు శాఖలు రాయాలి. వాడని శాఖలోని డిక్లేర్ లైన్లు ఎడిటర్‌లో ఎర్రగా కనిపించినా కంపైల్‌కు అడ్డు రావు, కంగారుపడి వాటిని చెరపకండి. ఇక పాత తేదీ ఎంపిక కంట్రోల్ ఉన్న ఎంఎస్‌కామ్‌సీటీ2 ఫైల్‌కు 64 బిట్ రూపం లేదు. ఫామ్‌లో అది ఉంటే 64 బిట్ ఆఫీస్‌లో మిస్సింగ్ తప్పదు, ఎన్నిసార్లు రిజిస్టర్ చేసినా ఫలితం ఉండదు. ఫామ్‌నే మార్చుకోవాలి.

సీ షార్ప్‌కు వస్తే, ‘టైప్ లేదా నేమ్‌స్పేస్ దొరకలేదు’ అనే సీఎస్0246 అందరికీ తెలిసిందే (నేమ్‌స్పేస్ అంటే టైపుల పేర్లను కలిపి ఉంచే గుంపు). తెలియనిది సీఎస్0012. ఔట్‌లుక్ రిఫరెన్స్ పెట్టారు, కోడ్ అంతా సరిగానే ఉంది, అయినా ‘ఈ టైప్ మీరు రిఫరెన్స్ చేయని అసెంబ్లీలో ఉంది, ఆఫీస్ అనే అసెంబ్లీని జోడించండి’ అంటుంది. అసెంబ్లీ అంటే కంపైల్ చేసిన లైబ్రరీ ఫైల్, అంటే డీఎల్‌ఎల్. ఔట్‌లుక్ లైబ్రరీ ఒక్కటే సరిపోదు. రిబ్బన్, కమాండ్ బార్, టాస్క్ పేన్ లాంటి ఉమ్మడి సామగ్రి అంతా ‘మైక్రోసాఫ్ట్ ఆఫీస్ ఆబ్జెక్ట్ లైబ్రరీ’లో ఉంటుంది. కోడ్‌లో దాని నేమ్‌స్పేస్ ‘మైక్రోసాఫ్ట్ డాట్ ఆఫీస్ డాట్ కోర్’, డిస్క్ మీద దాని ఫైల్ పేరు ఉత్త ‘ఆఫీస్’. ఈ రెండు పేర్లు కలవకపోవడం వల్లే జనం ‘కోర్’ అనే డీఎల్‌ఎల్ కోసం వెతికి దొరక్క అలసిపోతారు. వెర్షన్ సంఖ్య చూసి కూడా తికమకపడొద్దు. ఆఫీస్ 2016తో వచ్చే ఇంటరాప్ అసెంబ్లీల (సీ షార్ప్ కోడ్‌కూ ఆఫీస్‌కూ మధ్య వంతెన ఫైళ్ల) అసెంబ్లీ వెర్షన్ కూడా 15.0.0.0 గానే ఉంటుంది. అది తప్పు కాదు, 16 కోసం వెతకొద్దు.

సీఎస్0104, అంటే పేరు రెండుచోట్ల ఉందన్న ఫిర్యాదు, ఔట్‌లుక్ కోడ్‌లో మామూలు కంటే ఎక్కువ. ఔట్‌లుక్ లైబ్రరీలో ‘ఎక్సెప్షన్’ అనే టైప్ ఉంది. అది మళ్లీ మళ్లీ వచ్చే అపాయింట్‌మెంట్లలో మారిన రోజును సూచిస్తుంది. ‘యాక్షన్’ ఉంది, ‘అప్లికేషన్’ ఉంది. ఫైల్ పైన ఔట్‌లుక్ నేమ్‌స్పేస్ మొత్తాన్ని దించుకుంటే, క్యాచ్ లైన్‌లో రాసిన మామూలు ఎక్సెప్షన్ కూడా ఎర్రర్ అవుతుంది. నేమ్‌స్పేస్ మొత్తాన్ని దించకుండా ‘ఔట్‌లుక్’ అన్న మారుపేరు పెట్టుకుని, ‘ఔట్‌లుక్ డాట్ మెయిల్ ఐటమ్’ అని రాయడం దీనికి శాశ్వత పరిష్కారం. ప్రాజెక్టు మొదటిరోజే అలా రాసుకోవాలి.

సీఎస్1752 అంటే ఇంటరాప్ టైప్‌ను పొదగలేనని కంపైలర్ చెప్పడం. సీ షార్ప్ 4 నుంచి ‘ఎంబెడ్ ఇంటరాప్ టైప్స్’ అనే సదుపాయం ఉంది. వాడిన ఇంటర్‌ఫేస్‌ల వర్ణన మీ డీఎల్‌ఎల్‌లోకే ఎక్కుతుంది, వాడేవాళ్ల దగ్గర ప్రైమరీ ఇంటరాప్ అసెంబ్లీలు లేకపోయినా నడుస్తుంది. అయితే క్లాసులను అలా పొదగడం కుదరదు. ‘న్యూ అప్లికేషన్ క్లాస్’ అని రాసినచోట ‘న్యూ అప్లికేషన్’ అని మార్చండి, ఎర్రర్ పోతుంది. చాలామంది ఇక్కడ ఆ సదుపాయాన్నే ఫాల్స్ చేస్తారు. కంపైల్ అవుతుంది, కానీ ఇప్పుడు ఇంటరాప్ డీఎల్‌ఎల్‌ను మీతోపాటు పంపాలి. మర్చిపోతే వాడేవాళ్ల దగ్గర ఫైల్ దొరకలేదన్న ఎర్రర్ వస్తుంది. ఒక ఎర్రర్‌ను కంపైల్ నుంచి రన్‌టైమ్‌కు నెట్టడం పరిష్కారం కాదు.

సీఎస్0467 వార్నింగే కాబట్టి పట్టించుకోరు. మెయిల్‌లో క్లోజ్, సెండ్, రిప్లై అనే పేర్లు మెథడ్‌కూ ఈవెంట్‌కూ రెండింటికీ ఉన్నాయి. మెథడ్ పిలిచేటప్పుడు అండర్‌స్కోర్‌తో మొదలయ్యే ‘_మెయిల్ ఐటమ్’ ఇంటర్‌ఫేస్‌కు, ఈవెంట్ తగిలించేటప్పుడు ‘ఐటమ్ ఈవెంట్స్ 10 ఈవెంట్’ ఇంటర్‌ఫేస్‌కు కాస్ట్ చేస్తే (ఆ రకంగా చూడమని చెబితే) కంపైలర్‌కు సందేహం ఉండదు.

బిల్డ్ సర్వర్ల మీద వచ్చే ఎర్రర్లు తక్కువ మాటల్లో చెప్పొచ్చు. ఎంఎస్‌బీ3284 అంటే టైప్ లైబ్రరీ (ప్రోగ్రామ్‌లోని ఆబ్జెక్టుల వర్ణన ఉన్న ఫైల్) ఈ యంత్రంలో రిజిస్టర్ కాలేదని. సర్వర్ మీద ఔట్‌లుక్ ఉండదు కాబట్టి ఇది సహజం. ప్రాజెక్టు ఫైల్‌లో కామ్ (విండోస్‌లో ప్రోగ్రాములు ఒకదాన్నొకటి పిలిచే పద్ధతి) రిఫరెన్స్ తీసేసి, ఇంటరాప్ డీఎల్‌ఎల్‌కు నేరుగా ఫైల్ రిఫరెన్సో, నూగెట్ (డాట్‌నెట్ లైబ్రరీలు దొరికే భండారం) ప్యాకేజీయో పెట్టుకుంటే సర్వర్ మీద ఆఫీస్ అవసరమే లేదు. ఎంఎస్‌బీ4803 అంటే మీరు డాట్‌నెట్ బిల్డ్ కమాండ్‌తో కామ్ రిఫరెన్స్ ఉన్న ప్రాజెక్టును బిల్డ్ చేస్తున్నారని. ఆ పని డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ రకం ఎంఎస్‌బిల్డ్ మాత్రమే చేయగలదు. ఎంఎస్‌బీ4019 వచ్చి అందులో ఆఫీస్ టూల్స్ టార్గెట్స్ ఫైల్ పేరు కనిపిస్తే, విజువల్ స్టూడియోలో ఆఫీస్ డెవలప్‌మెంట్ వర్క్‌లోడ్ వేయలేదని. ఇదే సందర్భంలో ఒక మాట: వీఎస్‌టీవో (విజువల్ స్టూడియోలోని ఆఫీస్ పరికరాలతో రాసే) యాడ్-ఇన్‌లు డాట్‌నెట్ ఫ్రేమ్‌వర్క్ మీదే నడుస్తాయి. ప్రాజెక్టును డాట్‌నెట్ 6కో 8కో మార్చబోయి వచ్చే రిఫరెన్స్ ఎర్రర్లకు మందు లేదు. ఫ్రేమ్‌వర్క్ దగ్గరే ఉండాల్సిందే.

ఇప్పుడు మొదట చెప్పిన రకం. కోడ్ కంపైల్ అవుతుంది, నడపగానే ‘కామ్ ఆబ్జెక్ట్‌ను _అప్లికేషన్ ఇంటర్‌ఫేస్‌కు కాస్ట్ చేయలేకపోయాం’ అని చాంతాడంత సందేశం వచ్చి, చివర్లో 8002801డి, లైబ్రరీ రిజిస్టర్ కాలేదు అని ఉంటుంది. కొన్నిసార్లు అక్కడ 80029సీ4ఏ, టైప్ లైబ్రరీ లోడ్ కాలేదు అని ఉంటుంది. బయటి ప్రోగ్రామ్ ఔట్‌లుక్‌ను నడిపేటప్పుడు ఇది ఎక్కువ. ఎందుకంటే రెండు ప్రాసెస్‌ల మధ్య పిలుపులు దాటించడానికి విండోస్ టైప్ లైబ్రరీని చదవాలి. అది ఎక్కడుందో విండోస్ అమరికల భండారమైన రిజిస్ట్రీ చెబుతుంది. కొత్త ఆఫీస్ వేసి, నచ్చక తీసేసి, పాతదానికి వెనక్కి వెళ్లిన కంప్యూటర్‌లో కొత్తదాని కీ రిజిస్ట్రీలో మిగిలిపోతుంది. కచ్చితంగా అడిగిన వెర్షన్ దొరక్కపోతే, అదే ప్రధాన సంఖ్య కింద ఉన్నవాటిలో పెద్దదాన్ని విండోస్ ఎంచుకుంటుంది. ఆ కీ చూపించే ఫైల్ డిస్క్ మీద లేదు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్ల పేరు తలుపు మీద అలాగే ఉంటే ఉత్తరం చేరనట్టే ఇదీ.

సరిచేసే క్రమం: ఔట్‌లుక్ మూసేయండి. టాస్క్ మేనేజర్‌లో దాని ప్రాసెస్ మిగిలి లేదని చూసుకోండి. రిజిస్ట్రీ ఎడిటర్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, క్లాసెస్ రూట్ కింద టైప్‌లిబ్‌లో 00062ఎఫ్‌ఎఫ్‌ఎఫ్ అని మొదలయ్యే కీ దగ్గరకు వెళ్లండి. అది ఔట్‌లుక్‌ది. ముందు దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి భద్రపరచండి, ఈ మెట్టు దాటవేయకండి. దాని కింద 9.4 అంటే ఔట్‌లుక్ 2010, 9.5 అంటే 2013, 9.6 అంటే 2016, ఆ తర్వాతివి. ఒక్కో వెర్షన్ కింద 0 అనే కీ, దాని కింద విన్32 లేదా విన్64 ఉంటాయి. అందులోని దారిలో ఉన్న ఓఎల్‌బీ ఫైల్ డిస్క్ మీద నిజంగా ఉందా అని ఒక్కొక్కటి చూడండి. ఫైల్ లేని వెర్షన్ కీని మాత్రమే తొలగించండి, పైనున్న కీని ముట్టుకోకండి. 2డీఎఫ్8డీ04సీ అని మొదలయ్యే ఆఫీస్ ఉమ్మడి లైబ్రరీకీ ఇదే తనిఖీ. అక్కడ 2.5 అంటే 2010, 2.7 అంటే 2013, 2.8 అంటే 2016. తర్వాత కంట్రోల్ ప్యానెల్ నుంచి ఆఫీస్‌కు రిపేర్ నడపండి. ఉన్న వెర్షన్ తన కీలను మళ్లీ రాసుకుంటుంది. ఉత్త రీఇన్‌స్టాల్ తన కీలు రాస్తుందే గానీ, వెళ్లిపోయిన వెర్షన్ వదిలిన కీని వెతికి తీయాలని ఏమీ లేదు. మా అభ్యంతరానికి అసలు కారణం ఇదే.

80040154, అంటే క్లాస్ రిజిస్టర్ కాలేదు అనే ఎర్రర్, చాలాసార్లు బిట్ల తేడా. 32 బిట్ రెగ్‌అజ్మ్‌తో (డీఎల్‌ఎల్‌ను రిజిస్ట్రీలో నమోదు చేసే సాధనంతో) రిజిస్టర్ చేసిన యాడ్-ఇన్ 64 బిట్ ఔట్‌లుక్‌కు కనిపించదు. డాట్‌నెట్ ఫోల్డర్లు రెండు ఉంటాయి, ఫ్రేమ్‌వర్క్, ఫ్రేమ్‌వర్క్64. రెండోదాంట్లోని రెగ్‌అజ్మ్ వాడాలి, డీఎల్‌ఎల్ గ్లోబల్ కాష్‌లో (ప్రోగ్రాములన్నీ పంచుకునే డీఎల్‌ఎల్‌ల చోటులో) లేకపోతే కోడ్‌బేస్ స్విచ్ కూడా ఇవ్వాలి. చూడాల్సింది విండోస్ ఎన్ని బిట్లు అని కాదు, ఆఫీస్ ఎన్ని బిట్లు అని. ఫైల్ మెనూలో ఆఫీస్ అకౌంట్, అందులో అబౌట్ ఔట్‌లుక్ నొక్కితే మొదటి వరుసలోనే ఉంటుంది. విజువల్ స్టూడియోను అడ్మినిస్ట్రేటర్‌గానూ, ఔట్‌లుక్‌ను మామూలుగానూ నడిపితే, నడుస్తున్న ఔట్‌లుక్‌ను గెట్ ఆబ్జెక్ట్ పట్టుకోలేక 429 ఇస్తుంది. ఇది రిఫరెన్స్ లోపంలా కనిపిస్తుంది కానీ కాదు. రెండింటినీ ఒకే స్థాయిలో నడపండి.

యాడ్-ఇన్ ఏ సందేశమూ లేకుండా మాయమైతే, కరెంట్ యూజర్ రిజిస్ట్రీలో ఔట్‌లుక్ యాడ్‌ఇన్స్ కింద మీ ప్రోగ్‌ఐడీ (యాడ్-ఇన్‌ను గుర్తించే పేరు) దగ్గర ‘లోడ్ బిహేవియర్’ చూడండి. 3 ఉండాలి. 2 అయిందంటే లోడ్ అయ్యేటప్పుడు తప్పు జరిగి ఔట్‌లుక్ పక్కన పెట్టింది. దాన్ని ఊరికే 3 చేస్తే మళ్లీ 2 అవుతుంది. వీఎస్‌టీవో అయితే ‘వీఎస్‌టీవో సప్రెస్ డిస్‌ప్లే అలర్ట్స్’ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 0 చేసి ఔట్‌లుక్ తెరిస్తే దాచిన ఎర్రర్ పూర్తిగా కనిపిస్తుంది. ఆ వేరియబుల్ పేరులో మాటల మధ్య స్పేస్ ఉండదు. వీఎస్‌టీవో తర్వాత మాత్రం అండర్‌స్కోర్ ఉంటుంది. కనిపించేది తరచూ 80131040, అంటే అడిగిన డీఎల్‌ఎల్ వెర్షన్, దొరికిన వెర్షన్ కలవలేదని. వీఎస్‌టీవో యాడ్-ఇన్‌కు సొంత యాప్ డొమైన్ (ప్రాసెస్ లోపల వేరుచేసిన గది) ఉంటుంది, దాని కాన్ఫిగ్ ఫైల్‌లో బైండింగ్ రీడైరెక్ట్ (ఒక వెర్షన్ అడిగితే ఇంకోటి ఇవ్వమనే సూచన) రాస్తే చాలు. షిమ్ (యాడ్-ఇన్‌కు సొంత డొమైన్ ఇచ్చే చిన్న డీఎల్‌ఎల్) లేకుండా నేరుగా కామ్‌గా రాసిన సీ షార్ప్ యాడ్-ఇన్‌లు అన్నీ ఒకే డొమైన్‌లో కూర్చుంటాయి. జేసన్ లైబ్రరీ పాత వెర్షన్‌ను ఇంకో కంపెనీ యాడ్-ఇన్ ముందుగా లోడ్ చేస్తే మీది ఇరుక్కునే ప్రమాదం ఉంది. మీ కంప్యూటర్‌లో ఎప్పటికీ రాని ఎర్రర్ వాడేవాళ్ల దగ్గర రోజూ వచ్చేది ఇందుకే. ఇక ఔట్‌లుక్ 2013 నుంచి, వరుసగా 5సార్లు తెరిచినప్పటి మధ్యస్థ లోడ్ సమయం 1000 మిల్లీసెకన్లు దాటితే యాడ్-ఇన్‌ను ఔట్‌లుక్ ఆపేస్తుంది. దాన్ని రిఫరెన్స్ తప్పుగా భ్రమించి వెతకొద్దు.

కొత్త ఔట్‌లుక్‌లో కామ్, వీఎస్‌టీవో యాడ్-ఇన్‌లు పనిచేయవు, వెబ్ పేజీల్లా రాసే వెబ్ యాడ్-ఇన్‌లే దారి. అక్కడ రిఫరెన్స్ ఎర్రర్ రూపం మారుతుంది. టైప్‌స్క్రిప్ట్ భాషలో టీఎస్2304, ‘ఆఫీస్ అనే పేరు దొరకలేదు’ అంటే ఆఫీస్ జేఎస్ టైపుల ప్యాకేజీ లేదని, లేదా టీఎస్‌కాన్ఫిగ్‌లోని టైప్స్ జాబితాలో దాని పేరు చేర్చలేదని. టైపులు ఉండి కంపైల్ అయి, బ్రౌజర్‌లో ‘ఆఫీస్ ఈజ్ నాట్ డిఫైన్డ్’ వస్తే అసలు స్క్రిప్ట్ పేజీ హెడ్ భాగంలో లోడ్ కాలేదని. ఈ రెండూ వేర్వేరు లోపాలు. ఒకటి కంపైలర్ కోసం, ఇంకొకటి నడవడం కోసం. ఒకటి సరిచేస్తే రెండోది సర్దుకోదు. ‘ఆన్ రెడీ’ పూర్తికాకముందే మెయిల్‌బాక్స్‌ను తాకితే అది ఇంకా తయారై ఉండదు. టైప్ ఫైల్‌లో మెథడ్ ఉన్నంత మాత్రాన వాడేవాళ్ల ఔట్‌లుక్‌లో ఉండాలని లేదు. మెయిల్‌బాక్స్ రిక్వైర్‌మెంట్ సెట్ (ఆ ఔట్‌లుక్‌లో ఉండే మెథడ్‌ల సమూహం) వెర్షన్‌ను కోడ్‌లో అడిగి చూసుకోవాలి.

థండర్‌బర్డ్ అనే ఇంకో ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌కు రాసేవాళ్లకు ఒక్క మాట. 2020లో వచ్చిన 78వ వెర్షన్‌తో పాత పద్ధతి యాడ్-ఆన్‌లు ఆగిపోయాయి. మెయిల్ ఎక్స్‌టెన్షన్‌లో ‘మెసేజెస్’ అన్‌డిఫైన్డ్ అని వస్తే లైబ్రరీ కోసం వెతకకండి, మానిఫెస్ట్‌లో (అనుమతులు రాసే ఫైల్‌లో) మెసేజెస్ రీడ్ అనుమతి ఉందో లేదో చూడండి. అనుమతి లేని ఏపీఐ అసలు కనిపించదు.

మీ పత్రిక సాంకేతిక పేజీకి మా విన్నపం ఇది. పాఠకుల సందేహాలకు జవాబిచ్చేటప్పుడు, ‘ఔట్‌లుక్ కోడ్ పనిచేయడం లేదు’ అన్న ప్రశ్నకు నేరుగా జవాబివ్వకుండా ఈ వివరాలు అడగండి: ఆఫీస్ వెర్షన్, అది 32 బిట్టా 64 బిట్టా, ఎర్రర్ నంబరు, సందేశం అక్షరం పొల్లుపోకుండా, అది కంపైల్‌లో వచ్చిందా నడిపితే వచ్చిందా, రిఫరెన్సుల జాబితా పై నుంచి కింది వరకు ఉన్న వరుసలో. అంతకుముందు ఆ కంప్యూటర్‌లో ఇంకో ఆఫీస్ వెర్షన్ ఉండేదా అని కూడా అడగండి. ఈ వివరాలు వస్తే జవాబు చాలావరకు మూడు నాలుగు వాక్యాల్లో సరిపోతుంది, రీఇన్‌స్టాల్ మాట ఎత్తాల్సిన పని ఉండదు.

ఇట్లు,
ఔట్‌లుక్ యాడ్-ఇన్‌లు రాసే కొందరు ప్రోగ్రామర్లు